ఒక కంటి చూపుతో కోడింగ్, క్లాసులు, సిటీ: రోజును ఎలా సర్దుకోవాలి

ఒక కంటితోనే చూస్తూ కంప్యూటర్ సైన్స్‌లో చేరినవాళ్ళకి, చదువు మధ్యలో ఒక కంటి చూపు పోయినవాళ్ళకి ముందుగా పట్టుకునే భయం ఒకటే. రోజంతా స్క్రీన్ చూస్తే ఉన్న ఆ ఒక్క కన్ను కూడా అరిగిపోతుందేమో అని. అరగదు. గంటల తరబడి కోడ్ రాస్తే కన్ను మండుతుంది, పొడిబారుతుంది, తలనొప్పి వస్తుంది. ఇవన్నీ రెండు కళ్ళున్నవాళ్ళకీ వచ్చేవే, విశ్రాంతి ఇస్తే తగ్గేవే.

నాకు ఎడమ కన్ను కనపడదు. కోడింగే నా పని. నేను గట్టిగా చెప్పగలిగింది ఏమిటంటే, ఒక కంటి చూపు వల్ల వచ్చే ఇబ్బంది స్క్రీన్ మీద దాదాపు ఉండదు. అది ఉండేది రెండు చోట్ల. ఒకటి, కనపడని పక్క. రెండోది, చేతికి అందేంత దగ్గరలో ఉన్న వస్తువు సరిగ్గా ఎంత దూరంలో ఉందో తేల్చుకోవడం. పొద్దున హాస్టల్ గదిలో లేచిన దగ్గర్నుంచి రాత్రి ల్యాప్‌టాప్ మూసేదాకా ఈ రెండింటినీ ఎక్కడ ఎలా సర్దుకోవాలో చెప్తాను.

చూపు ఈమధ్యే పోయినవాళ్ళు మాత్రం కాస్త ఓపిక పట్టాలి. మెదడు కొత్త పద్ధతికి అలవాటు పడటానికి నెలలు పడుతుంది, ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు. 1961లో ఇంగ్లండ్‌లో జరిగిన కారు ప్రమాదంలో మన్సూర్ అలీ ఖాన్ పటౌడీకి కుడి కంటి చూపు పోయింది. అదే ఏడాది డిసెంబర్‌లో టెస్టు మ్యాచ్ ఆడాడు, 1962లో 21 ఏళ్ళకే ఇండియా కెప్టెన్ అయ్యాడు, ఆ తర్వాత ఏళ్ళ తరబడి రంజీల్లో మన హైదరాబాద్ జట్టుకే ఆడాడు. దూసుకొచ్చే బంతి దూరాన్నే ఒక కంటితో పట్టుకోగలిగిన మనిషి ఉన్నాడంటే, మెట్టు దూరం, గ్లాసు దూరం మనకూ వస్తాయి.

ముందు మీ పక్కను కొలుచుకోండి

మొదటి రోజు పది నిమిషాలు దీనికి పెట్టండి. గోడకి ఎదురుగా కుర్చీలో కూర్చోండి. గోడ మీద క్యాలెండరో స్విచ్చో, కంటి ఎత్తులో ఉన్నది ఒకటి ఎంచుకుని దాన్నే చూస్తూ ఉండండి. తల తిప్పొద్దు. ఒక చెయ్యి పక్కకి పూర్తిగా చాపి, వేలు ఆడిస్తూ వెనక నుంచి మెల్లగా ముందుకి తీసుకురండి. వేలు ఎక్కడ కనపడిందో అక్కడ ఆపండి. రెండో చేత్తో రెండో పక్క కూడా ఇలాగే చేయండి.

చూపున్న పక్క వేలు దాదాపు భుజానికి సమానంగా ఉన్నప్పుడే కనపడుతుంది. కనపడని పక్క మాత్రం చెయ్యి చాలా ముందుకి వచ్చేదాకా తెలియదు, ఎందుకంటే అటువైపు ముక్కు అడ్డం. రెండు కళ్ళున్నవాళ్ళకి అడ్డంగా దాదాపు 180 డిగ్రీల మేర కనపడితే, ఒక కంటికి సుమారు 150 కనపడుతుంది. అంటే సగం ప్రపంచం పోలేదు. పోయింది ఒక పక్క అంచు. కానీ ఆ అంచులోంచే బైక్ వస్తుంది, తలుపు తెరుచుకుంటుంది, జూనియర్ చెయ్యి ఊపి పలకరిస్తాడు.

కాబట్టి మొదటి అలవాటు మెడది. గదిలోంచి కారిడార్‌లోకి అడుగు పెట్టేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు, కుర్చీలోంచి లేచేటప్పుడు తలని కనపడని పక్కకి ఒకసారి పూర్తిగా తిప్పి చూడండి. కన్ను ఒక్కటే తిప్పితే చాలదు, ముక్కు అడ్డం తొలగదు. మొదట్లో ఇది కావాలని చేయాలి. కొన్నాళ్ళకి అదే వచ్చేస్తుంది.

కళ్ళజోడు: పవర్ లేకపోయినా సరే

ఈ మొత్తంలో ఒక్కటే చేయగలిగితే ఇది చేయండి. చూపున్న కంటికి పవర్ అవసరం లేకపోయినా జీరో పవర్ కళ్ళజోడు పెట్టుకోండి, అదీ దెబ్బ తగిలినా సులువుగా పగలని పాలీకార్బొనేట్ లెన్స్‌తో. అబిడ్స్‌లోనో కోఠీలోనో షాపుకి వెళ్ళి 'ఫైబర్ లెన్స్' అంటే మామూలు ప్లాస్టిక్ ఇస్తారు. అది చదువుకోవడానికి సరిపోతుంది కానీ దెబ్బ ఆపడానికి కాదు. "పాలీకార్బొనేటే కావాలండీ, నాకు ఒక కన్నే కనపడుతుంది" అని విడమర్చి అడగండి, బిల్లు మీద కూడా ఆ పేరు రాయించుకోండి. ఫ్రేము గట్టిగా ఉండాలి, లెన్స్ కన్ను మొత్తాన్ని కప్పాలి. సన్నటి రిమ్‌లెస్ ఫ్రేములు ఎంత బాగున్నా వద్దు.

ఎందుకింత పట్టుదల అంటే, క్రికెట్ బాల్, వర్క్‌షాప్‌లో ఎగిరిన ఇనుప రజను, బైక్ మీద వెళ్తుంటే కంట్లో పడే ఇసుక, సంక్రాంతికి మేడల మీద మాంజా, దీపావళికి టపాసులు ఇవేవీ మీకు ఒక కన్నే ఉందని చూసుకుని రావు. బైక్ వెనక కూర్చున్నా హెల్మెట్ పెట్టుకుని వైజర్ దించుకోండి. చూపు ఈమధ్యే పోయి ఉంటే, బండి నడపడం కంటి డాక్టర్ సరే అన్నాకే.

కాలేజీ దారి

హైదరాబాద్ రోడ్డు దాటడం అందరికీ పరీక్షే. మనకి దాంట్లో ఒక లెక్క ఉంది. మన దేశంలో బండ్లు ఎడమ పక్కన నడుస్తాయి కాబట్టి, దాటేటప్పుడు మొదటి సగంలో బండ్లు మన కుడి వైపు నుంచి వస్తాయి, డివైడర్ దాటాక ఎడమ వైపు నుంచి. కుడి కన్ను కనపడనివాళ్ళకి మొదటి సగం ప్రమాదం, ఎడమ కన్ను కనపడనివాళ్ళకి రెండో సగం. మీ సగం ఏదో తెలుసుకుని, అక్కడ అడుగు వేసే ముందు ఆగి, గడ్డం భుజానికి తగిలేంతగా తల తిప్పి చూడండి. ఇంకో సగంలో కూడా రాంగ్ రూట్‌లో వచ్చే బైకులు ఉంటాయి కాబట్టి, అక్కడా ఒకసారి తల తిప్పాల్సిందే.

వచ్చే బండి ఎంత దూరంలో ఉందో చెప్పడం కష్టం అనిపిస్తే, దాని సైజు ఎంత వేగంగా పెరుగుతోందో చూడండి. దూరంలో ఉన్నవాటికి రెండు కళ్ళున్నవాళ్ళు కూడా ఎక్కువగా వాడేది ఇదే. రెండు కళ్ళ లాభం దగ్గరి వస్తువులకే ఎక్కువ, దూరం పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. అందుకే రోడ్డు మీద మనకి అసలు లోటు దూరం కంటే పక్కది. ఏ మాత్రం అనుమానం ఉన్నా, దగ్గర్లో మెట్రో స్టేషన్ ఉంటే మెట్లెక్కి అవతలి వైపు దిగండి. జేఎన్టీయూ దగ్గరైనా, అమీర్‌పేట మైత్రీవనం దగ్గరైనా ఆ రెండు మూడు నిమిషాల కోసం ఆలోచించకండి.

నడిచేటప్పుడు ఇయర్‌ఫోన్స్ పెట్టుకునేవాళ్ళు కనపడని పక్క చెవిని ఖాళీగా ఉంచండి. చూపు లేని పక్క కాపలా కాసేది ఆ చెవే. స్నేహితులతో వెళ్తుంటే వాళ్ళని మీకు కనపడే పక్క నడవమనకండి, కనపడని పక్క నడవమనండి. కబుర్లకి అది కొంచెం ఇబ్బందే, మాటిమాటికీ తల తిప్పాలి. కానీ రద్దీలో ఎవరూ మిమ్మల్ని గుద్దకుండా ఆ మనిషి అడ్డుగా ఉంటాడు. ఖాళీ క్యాంపస్‌లో అయితే వాళ్ళని కనపడే పక్కకి మార్చుకోండి.

బస్సు, మెట్రో, మెట్లు, వీటన్నిటికీ పద్ధతి ఒకటే: చెయ్యి ముందు, కాలు తర్వాత. బస్సు కడ్డీ చేతికి గట్టిగా దొరికాకే మెట్టు మీద కాలు పెట్టండి. కదులుతున్న బస్సు ఎక్కడం పూర్తిగా మానేయండి. మెట్లు దిగేటప్పుడు ఎక్కేటప్పటి కంటే ఎక్కువ తికమక, ముఖ్యంగా అన్ని మెట్లూ ఒకే రంగు గ్రానైట్ అయినప్పుడు. రెయిలింగ్ పట్టుకోండి, చివరి మెట్టు దగ్గర పాదంతో తడిమి చూడండి. ఎస్కలేటర్ మీద మెట్ల అంచున పసుపు గీత ఉంటే దాన్నే చూసి అడుగు వేయండి. అమీర్‌పేట స్టేషన్‌లో లైను మారేటప్పుడు జనం అన్ని వైపుల నుంచీ వస్తారు. గోడ వారన, కనపడని పక్క గోడవైపు ఉండేలా నడిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

క్లాసులో ఎక్కడ కూర్చోవాలి

కనపడని పక్క గోడకి రావాలి, చూపున్న పక్క క్లాసుకి రావాలి. అంతే సూత్రం. ఎడమ కన్ను కనపడకపోతే బోర్డుకి ఎదురుగా కూర్చున్నప్పుడు ఎడమ చివరి వరస. కుడి కన్ను అయితే కుడి చివరి వరస. అప్పుడు బోర్డు, లెక్చరర్, మాట్లాడే స్నేహితులు, తలుపు అన్నీ చూపులోకి వస్తాయి. గోడకి కిటికీ ఉన్నా నష్టం లేదు, ఆ వెలుతురు కనపడని పక్క నుంచి వస్తుంది కాబట్టి కంట్లో కొట్టదు. ముందు బెంచీయే కావాలని లేదు. చూపున్న కన్ను మామూలుగా ఉంటే మూడో నాలుగో వరస నుంచి బోర్డు చక్కగా కనపడుతుంది. మరీ ముందు, మరీ పక్కన కూర్చుంటే బోర్డు అవతలి చివర కోసం మెడ ఎప్పుడూ తిరిగే ఉంటుంది.

సెమిస్టర్ మొదటి వారంలోనే అడిగేయండి. "సార్, నాకు ఎడమ కన్ను కనపడదు. ఆ గోడ పక్క సీటు నాకు ఉంచగలరా?" ఇంతకంటే పెద్ద కథ అక్కర్లేదు. అడిగితే కాదనే లెక్చరర్ అరుదు. అడగకపోతే మాత్రం ఎవరికీ తెలియదు, ఎందుకంటే చాలామందికి కన్ను బయటికి మామూలుగానే కనపడుతుంది.

స్నేహితులకీ అంతే. కనపడని పక్క నుంచి చెయ్యి ఊపితే మనం పలకం. పొగరనుకుంటారు. ఈ అపార్థం పెరిగాక సర్దడం కష్టం, ముందే చెప్పేయడం తేలిక. "మామా, ఇటు పక్క నాకు కనపడదు, పేరు పెట్టి పిలువు" అంటే చాలు. ఒకసారి చెప్పాక వాళ్ళే ఇంకొకరికి చెప్తారు. చెయ్యి కలపడానికి, హైఫై కొట్టడానికి తడబడితే మీ చెయ్యి చాపి ఆపేయండి, అవతలివాళ్ళే వచ్చి కలుపుతారు. తాళాలు, పెన్ డ్రైవ్ విసరొద్దని, చేతికివ్వమని కూడా అప్పుడే చెప్పండి.

వర్క్‌షాప్, హార్డ్‌వేర్ ల్యాబ్

చాలా ఇంజనీరింగ్ కాలేజీల్లో సీఎస్‌ఈ వాళ్ళకి కూడా మొదటి సంవత్సరంలో వర్క్‌షాప్ ఉంటుంది. ఫిట్టింగ్, కార్పెంటరీ, వెల్డింగ్ లాంటివి. కోడ్ రాయడానికి వచ్చాం, దీన్ని ఎలాగోలా గట్టెక్కితే చాలు అనుకుని చాలామంది కళ్ళకి ఏమీ పెట్టుకోకుండానే ఆకురాయితో రాస్తుంటారు. మీరు అలా చేయకండి. మీ కళ్ళజోడు మీద పట్టే సేఫ్టీ గాగుల్స్ సొంతానికి ఒకటి కొనుక్కుని బ్యాగులో పెట్టుకోండి. పక్క బెంచీలో ఎవరైనా ఉలితో కొడుతున్నా, గ్రైండర్ నడుస్తున్నా అవి తీయొద్దు, రజను మీ బెంచీ నుంచే రావాలని లేదు. వెల్డింగ్ వెలుగుని షీల్డ్ లేకుండా దూరం నుంచి కూడా చూడొద్దు. సుత్తి పనిలో మేకుని వేళ్ళతో కాకుండా పటకారుతో పట్టుకుంటే వేలు దక్కుతుంది.

ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో, ఐఓటీ ప్రాజెక్టుల్లో చిక్కు వేరు. బ్రెడ్‌బోర్డు రంధ్రంలోకి వైరు, పోర్టులోకి కేబుల్ సరిగ్గా దిగవు. గాలిలో గురిచూడకండి. ఎడమ చేతి వేలు పోర్టు అంచు మీద ఆనించి, దాని వారనే కుడి చేత్తో కేబుల్ జరుపుతూ తీసుకెళ్ళండి. రెండు చేతులూ ఒకదాన్నొకటి తాకుతూ ఉంటే దూరం చేతికే తెలుస్తుంది. సోల్డరింగ్‌కి కూడా మణికట్టు బల్ల మీద ఆనాలి. టేబుల్ ల్యాంపుని కొంచెం పక్కగా పెట్టి వైరు నీడ బోర్డు మీద పడేలా చూసుకోండి. వైరు కొస, దాని నీడ కొస కలిశాయంటే వైరు బోర్డుకి తగిలినట్టే. ఈ నీడ చిట్కా సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి ల్యాప్‌టాప్ స్క్రూలు విప్పడం దాకా అన్నిటికీ పనికొస్తుంది.

మెస్‌లో నీళ్ళు పోసుకునేటప్పుడు జగ్గు మూతి గ్లాసు అంచుకి తగిలించి పోయండి. ఇరానీ హోటల్లో సాసర్‌లోకి చాయ్ వంచేటప్పుడూ కప్పు అంచు సాసర్‌కి ఆనాలి. ఎవరూ గమనించరు కూడా.

కోడ్ రాసే బల్ల

15 అంగుళాల ల్యాప్‌టాప్‌ని రెండడుగుల దూరంలో పెట్టుకుంటే అది మన చూపులో 30 డిగ్రీలు ఆక్రమిస్తుంది. ముక్కు వైపే మనకి 60 డిగ్రీలు కనపడుతుంది కాబట్టి స్క్రీన్‌లో ఒక్క అక్షరం కూడా పోదు. మరి ఇబ్బంది ఎక్కడ? మెడలో. మనం తెలియకుండానే తలని కనపడని పక్కకి కొంచెం తిప్పి, చూపున్న కంటిని మధ్యకి తెచ్చుకుని కూర్చుంటాం. స్క్రీన్ సరిగ్గా నడుమన ఉంటే ఆరేడు గంటల తర్వాత ఒక పక్క మెడ నరం పట్టేస్తుంది. స్క్రీన్‌ని చూపున్న కంటి వైపుకి ఒక అరచెయ్యి వెడల్పు జరపండి, కీబోర్డు కూడా దానితో పాటే జరగాలి. రెండో మానిటర్ ఉంటే అది కచ్చితంగా చూపున్న పక్కనే. నీళ్ళ బాటిల్, టీ కప్పు కూడా ఆ పక్కనే పెట్టుకోండి. కనపడని పక్క పెట్టిన టీ ఏదో ఒక రోజు మోచెయ్యి తగిలి కీబోర్డు మీదకి పోతుంది. గదిలో బల్ల వేసుకునేటప్పుడు కనపడని పక్క గోడవైపు రావాలి, అప్పుడు ఎవరైనా వచ్చినా ఉలిక్కిపడరు. ఒకే కంప్యూటర్ ముందు ఇద్దరు కూర్చుని కోడ్ రాస్తే పార్ట్‌నర్‌ని చూపున్న పక్కన కూర్చోబెట్టుకోండి, వాళ్ళ వేలు స్క్రీన్ మీద ఏ లైన్ చూపిస్తోందో తల తిప్పకుండానే తెలుస్తుంది.

ఎడిటర్‌లో చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. వీఎస్ కోడ్ అనే ఎడిటర్ వాడేవాళ్ళకి పేర్లతో సహా చెప్తున్నాను.

ముందు అక్షరం సైజు. కంట్రోల్, ప్లస్ నొక్కుతూ, కుర్చీకి వెనక్కి ఆనుకుని కూర్చున్నా హాయిగా చదవగలిగేంత వరకు పెంచండి. పక్కవాళ్ళు నవ్వినా తగ్గించకండి. సెట్టింగ్స్‌లో లైన్ హైట్ కూడా కొంచెం పెంచితే ఒక లైను చివర నుంచి తర్వాతి లైను మొదటికి వచ్చేటప్పుడు వరస తప్పదు.

రెండోది లైన్ పొడవు. పైథాన్ రాసే పద్ధతి గురించిన పెప్ 8 పత్రం లైనుకి 79 అక్షరాలు దాటొద్దంటుంది. మీకు ఇది కేవలం స్టైల్ కాదు, కంటికి సుఖం. రూలర్ ఆప్షన్‌లో 79 దగ్గర గీత పెట్టుకోండి, ఇతరుల పొడవాటి కోడ్ చదవడానికి వర్డ్ ర్యాప్ ఆన్ చేయండి.

ఆ తర్వాత బ్రాకెట్ పెయిర్ కలరైజేషన్, ఇండెంట్ గైడ్స్, స్టిక్కీ స్క్రోల్ ఆన్‌లో ఉన్నాయో లేదో చూడండి. ఏ బ్రాకెట్ ఎక్కడ మూసుకుందో, ఇప్పుడు ఏ ఫంక్షన్ లోపల ఉన్నారో కన్ను పైకీ కిందకీ వెతుక్కోనక్కర్లేదు. పక్కన సన్నగా కనపడే మినీమ్యాప్ మీకు పనికిరాకపోతే తీసేయండి. తప్పుల దగ్గరికి ఎఫ్8 తో, ఫలానా లైనుకి కంట్రోల్ జి తో వెళ్ళడం అలవాటు చేసుకుంటే రోజు మొత్తంలో కంటికి పడే వెతుకులాట చాలా తగ్గుతుంది. నా దృష్టిలో ఫాంట్ తర్వాత అంత పని చేసేది ఈ కీబోర్డు అలవాటే.

డార్క్ మోడా, లైట్ మోడా అన్నది మీ ఇష్టం. అస్టిగ్మాటిజం (కంటి ముందు పొర వంపు అన్ని వైపులా సమానంగా లేని దోషం) ఉన్నవాళ్ళకి నల్లటి నేపథ్యం మీద తెల్లటి అక్షరాలు అంచులు చెదిరినట్టు కనపడొచ్చు, అలా ఉంటే లైట్ మోడ్‌కి మారండి. గదిలో లైటు ఆపేసి చీకట్లో కోడ్ రాయడం మాత్రం ఏ మోడ్‌లోనైనా వద్దు.

ఇక విరామం. 20 నిమిషాలకోసారి, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని, 20 సెకన్లు చూడమని కంటి డాక్టర్లు చెప్తారు. హాస్టల్ గదిలో 20 అడుగులు దొరకవు. లేచి కిటికీలోంచి ఎదుటి మేడ మీది వాటర్ ట్యాంకు చూడండి. స్క్రీన్ చూస్తున్నప్పుడు రెప్పలు కొట్టడం తగ్గిపోతుంది, మంటకి అసలు కారణం అది. ఏసీ ల్యాబుల్లో ఇంకా ఎక్కువ. ఏసీ గాలి మొహం మీదికి రాకుండా కూర్చోండి, విరామంలో కావాలని మెల్లగా పదిసార్లు రెప్పలు మూసి తెరవండి. చుక్కల మందు డాక్టర్ చెప్పిందే వేసుకోండి, మెడికల్ షాపులో అడిగింది కాదు. కాంటాక్ట్ లెన్స్ పెట్టుకుని నిద్రపోవడం ఎవరికైనా తప్పు, మీకు అసలే కుదరదు.

ఒక సాయంత్రం ఈ ప్రాజెక్టు చేయండి

ఇది తప్పనిసరి కాదు. కానీ కంప్యూటర్ విద్యార్థికి మాత్రమే దక్కే అవకాశం ఇది, వదులుకోకండి. మీ కన్ను దూరాన్ని ఎలా కొలుస్తుందో మీ చేతులతోనే లెక్క కట్టొచ్చు.

మన రెండు కళ్ళ మధ్య దూరం సుమారు 6 సెంటీమీటర్లు. రెండు కళ్ళూ రెండు కొంచెం తేడా ఉన్న బొమ్మలు పంపుతాయి, ఆ తేడా నుంచి మెదడు లోతు పట్టుకుంటుంది. దీన్ని 1838లో చార్లెస్ వీట్‌స్టోన్ స్టీరియోస్కోప్‌తో చూపించాడు. మనకి ఒకేసారి రెండు బొమ్మలు లేవు. కానీ తల 6 సెంటీమీటర్లు పక్కకి జరిపితే ఒకదాని తర్వాత ఒకటి అవే రెండు బొమ్మలు వస్తాయి.

ఫోన్‌ని బల్ల మీద నిలబెట్టండి. ముందుగా ఆ కెమెరా ఫోకల్ లెంగ్త్, అంటే దూరం లెక్క కట్టడానికి వాడే అంకె, పిక్సెల్స్‌లో కావాలి. 20 సెంటీమీటర్ల వెడల్పున్న పుస్తకాన్ని సరిగ్గా 100 సెంటీమీటర్ల దూరంలో పెట్టి ఫోటో తీయండి. ఫోటోలో పుస్తకం వెడల్పు 600 పిక్సెల్స్ వచ్చిందనుకుందాం. 600ని 100తో గుణించి 20తో భాగిస్తే 3000. అదే ఫోకల్ లెంగ్త్. ఇప్పుడు గదిలో వేరువేరు దూరాల్లో వస్తువులు పెట్టి ఒక ఫోటో తీయండి. ఫోన్‌ని స్కేలు వెంబడి, ఏమాత్రం తిరగకుండా, 6 సెంటీమీటర్లు పక్కకి జరిపి ఇంకో ఫోటో తీయండి. పైథాన్‌లో ఓపెన్‌సీవీ అనే ఫోటోల లైబ్రరీతో రెండు ఫోటోల్లోనూ అవే బిందువులను జత చేయండి, దానికి గుర్తుపట్టదగిన బిందువులను వెతికే ఓఆర్‌బీ పద్ధతి చాలు. ఒక బిందువు 180 పిక్సెల్స్ జరిగితే, 3000ని 6తో గుణించి 180తో భాగించండి: అది 100 సెంటీమీటర్ల దూరంలో ఉంది. 90 పిక్సెల్స్ మాత్రమే జరిగితే 200 సెంటీమీటర్లు. దగ్గరిది ఎక్కువ జరుగుతుంది, దూరానిది తక్కువ.

ఇప్పుడు ఆ 6 అనే అంకె మీకు తెలియదనుకోండి. ఏది దగ్గర, ఏది దానికి రెట్టింపు దూరం అన్నది వస్తుంది, అసలు కొలత మాత్రం రాదు. ఒకే కెమెరాతో నడిచే రోబోలకి ఉన్న చిక్కు ఇదే. దాన్ని మనం తెలిసిన సైజులతో తీర్చుకుంటాం: మనిషి ఇంత ఎత్తు, ఆటో ఇంత వెడల్పు అని. ఒకే ఫోటో నుంచి లోతు ఊహించే మైడాస్ లాంటి మోడళ్ళు కూడా అలవాటైన దృశ్యాల ఆధారంగానే ఊహిస్తాయి. ఈ లెక్క ఒకసారి చేతికి వచ్చాక, షెల్ఫ్‌లోంచి పుస్తకం తీసే ముందు తల కాస్త అటూ ఇటూ ఊపితే ఎందుకు చెయ్యి సరిగ్గా పడుతుందో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రోజువారీ పనుల్లో ఆ ఊపుని ధైర్యంగా వాడండి. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి టాపిక్ వెతుక్కునేవాళ్ళు ఇక్కడే ఆగి ఆలోచించండి, మీకు లోపలి నుంచి తెలిసిన విషయం ఇది.

త్రీడీ సినిమాకి వెళ్తే కళ్ళద్దాలు పెట్టుకుని చూడండి, లేకపోతే బొమ్మ రెండుగా చెదురుతుంది. లోతు మాత్రం రాదు, మామూలు సినిమాలా కనపడుతుంది. కాబట్టి టూడీ షో టికెట్టే తీసుకోవడం మేలు.

పరీక్షలు, సర్టిఫికెట్

పరీక్ష హాల్లో మనం తల ఎక్కువ తిప్పుతాం. ఇన్విజిలేటర్‌కి అది పక్కవాడి పేపర్ చూస్తున్నట్టు ఉంటుంది. పేపర్ ఇవ్వకముందే దగ్గరికి వెళ్ళి, "మేడమ్, నాకు ఈ పక్క కనపడదు, అందుకే తల తిప్పుతుంటాను" అని చెప్పేయండి. వీలైతే కంటి డాక్టర్ రాసిచ్చిన కాగితం ఒక కాపీ హాల్ టికెట్‌తో పాటు ఉంచుకోండి. ఓఎంఆర్ షీట్ అయితే ప్రశ్నపత్రాన్ని, షీట్‌ని ఒకదాని పక్కన ఒకటి చూపున్న కంటి ఎదురుగా పెట్టుకుని, నింపాల్సిన వరస కింద ప్రశ్నపత్రం అంచునే స్కేలులా ఆనించండి.

వైకల్య సర్టిఫికెట్ గురించి చాలామంది ఆశ పెట్టుకుని తిరుగుతారు, అందుకే ఉన్నదున్నట్టు చెప్తున్నాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం చదువులో, ఉద్యోగాల్లో రిజర్వేషన్‌కి కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. ఒక కన్ను పూర్తిగా పోయి, రెండో కన్ను మామూలుగా ఉంటే కేంద్ర మార్గదర్శకాల పట్టికలో అది 30 శాతమే. రెండో కంటి చూపు కూడా అద్దాలతో 6/18 (మామూలు కంటికి 18 మీటర్ల నుంచి కనపడేది 6 మీటర్ల నుంచే కనపడటం) కంటే తక్కువగా ఉంటే లెక్క మారుతుంది, అప్పుడు తప్పకుండా పరీక్ష చేయించుకుని వైకల్య సర్టిఫికెట్‌కి, యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డుకి దరఖాస్తు చేయండి. సైన్యం, పోలీసు, రైల్వేల్లో కొన్ని పోస్టులకి రెండు కళ్ళకీ చూపు ప్రమాణాలు ఉంటాయి. కోచింగ్‌కి డబ్బు కట్టే ముందే నోటిఫికేషన్‌లో మెడికల్ స్టాండర్డ్స్ పేజీ చదవండి.

ఎప్పుడు ఆస్పత్రికి పరిగెత్తాలి

ఏ ఇబ్బందీ లేకపోయినా ఏడాదికోసారి కంటి పరీక్ష చేయించుకోండి, కంటి లోపలి పొర కూడా చూడమని అడగండి. చుక్కలు వేసి కంటిపాప పెద్దది చేస్తారు కాబట్టి ఆ పూట చూపు మసకగా ఉంటుంది, వెలుతురు గుచ్చుతుంది. రెండు కళ్ళున్నవాళ్ళకి అది చిన్న అసౌకర్యం, మనకి ఉన్న చూపంతా అదే. ఒంటరిగా వెళ్ళకండి, స్నేహితుణ్ణి తీసుకెళ్ళండి, ఆ రోజు ల్యాబ్ ఎగ్జామ్ లేకుండా చూసుకోండి.

ఒక్కసారిగా నల్లటి చుక్కలు ఎక్కువగా తేలడం, మెరుపులు కనపడటం, చూపులో ఒక మూల నుంచి తెర దిగినట్టు ఉండటం, చూపు ఉన్నట్టుండి మసకబారడం, నొప్పితో కన్ను ఎర్రబడటం, కంట్లో ఏదైనా తగలడం, వీటిలో ఏది జరిగినా రేపటిదాకా ఆగొద్దు. అసైన్‌మెంట్ డెడ్‌లైన్ ఉన్నా ఆగొద్దు. కంట్లో రసాయనం పడితే మాత్రం బయల్దేరే ముందు ధారగా పడే మంచినీళ్ళతో చాలాసేపు కడగాలి. ఏదైనా గుచ్చుకుంటే లాగకూడదు, నలపకూడదు. మెహిదీపట్నం దగ్గర సరోజినీ దేవి కంటి ఆస్పత్రి ప్రభుత్వానిది. బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి ఉంది. కృత్రిమ కన్ను అమర్చే విభాగం, చూపు తగ్గినవాళ్ళకి శిక్షణ ఇచ్చే విభాగం కూడా అక్కడ ఉన్నాయి. ఈ రెండింటి దారి, మీ హాస్టల్ నుంచి ఎలా వెళ్ళాలో, మీ రూమ్మేట్‌కి కూడా తెలిసి ఉండాలి. కౌంటర్ దగ్గర పేరు చెప్పే ముందే "నాకు ఈ ఒక్క కన్నే పనిచేస్తుంది" అని చెప్పండి.